బోవీ రేడియో పాటలూ, మన విమర్శకులూ

ఈ మధ్య ఒక అధ్యాపక మిత్రుడికీ ఆయన శిష్యుడికీ వాదం జరుగుతుంటే నేను మధ్యలో చిక్కాను. వాదం డేవిడ్ బోవీ అనే ఇంగ్లీషు గాయకుణ్ణి గురించి. మిత్రుడు అర్థశాస్త్రం చెబుతాడు. "క్షీణించిపోతున్న బూర్జువా సంస్కృతి అది, దాన్ని గురించి మనకెందుకు?" అన్నాడు. "ప్రతిభకు వర్గం ఏమిటండీ? ఆ మనిషి పుట్టుకతోనే మేధావి," అన్నాడు కుర్రవాడు. ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా ఖండించుకున్నామనుకున్నారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే మాట అన్నట్టు తోచింది. పాట ఎక్కడ, ఎవరి ఖర్చుతో, ఏ నిబంధనల కింద తయారయిందో ఇద్దరికీ అక్కర్లేదు. బట్టల మిల్లును గురించి ఇలా మాట్లాడితే మా మిత్రుడే తరగతిలోంచి వెళ్ళగొడతాడు.

అందుకని ఒక్క విషయం తీసుకుంటాను. 1967 నుంచి 1972 దాకా బోవీ బీబీసీ రేడియో కోసం పాడిన పాటలున్నాయి. 2000లో వాటిని ఏరి "బోవీ ఎట్ ది బీబ్" అనే పేరుతో అమ్మారు. అసలు అవి ఎందుకు పుట్టాయి? గ్రామఫోను రికార్డులుండగా, గాయకుణ్ణి స్టూడియోకు పిలిచి మళ్ళీ పాడించుకోవలసిన అవసరం రేడియోకు ఏమొచ్చింది?

దీనికి జవాబు "నీడిల్ టైం" అనే ఒప్పందంలో వున్నది. రికార్డు మీద ముల్లు ఆడే కాలం అని దాని అర్థం. రేడియోలో రికార్డులు రోజుకు ఇన్ని గంటలకు మించి వెయ్యరాదు. మిగతా సంగీతాన్ని మనుషులు వచ్చి వాయించాలి, వాళ్లకు డబ్బివ్వాలి. ఈ నిబంధన కోసం పట్టుబట్టింది వాద్యకారుల కార్మిక సంఘం, మ్యుజీషియన్స్ యూనియన్. ఒక్కసారి వాయించిన రికార్డు వెయ్యిసార్లు తిరుగుతుంటే వెయ్యిసార్ల కూలి పోయేది వాళ్లదే గదా! అయితే ఘనతంతా సంఘానిదే అంటే అబద్ధమవుతుంది. ఈఎంఐ, డెక్కా కంపెనీలు 1934లో పెట్టుకున్న సంస్థ ఒకటి ప్రసార హక్కుల వ్యవహారం చూసేది. రేడియోలో ఊరికే వినబడితే రికార్డు ఎవడు కొంటాడని కంపెనీల భయం. కూలి పోతుందని ఒకరూ, లాభం పోతుందని ఇంకొకరూ కలిసి వేసిన కంచె అది. ఇటువంటి కలయికలు చరిత్రలో కొత్తగాదు.

ఈ కంచె వల్ల చెడు జరగలేదా? జరిగింది. జనం కోరిన పాటల్ని బీబీసీ వాద్యబృందాలు చప్పగా వాయించి వినిపించేవి. కుర్రకారుకు విసుగు పుట్టింది. 1964లో "రేడియో కారొలైన్" ఓడలో నుంచి ప్రసారం మొదలుపెట్టేసరికి అందరూ అటు తిరిగారు. మనకిది తెలియని కథ కాదు. మన ఆకాశవాణి బీబీసీ మూసలో పోసిందే. దాన్ని నడపటానికి 1935లో వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ అక్కడి మనిషే. 1952లో కేస్కర్ గారు మంత్రిగా వచ్చి సినిమా పాటను గెంటేస్తే జనం సిలోన్ స్టేషన్ తిప్పుకున్నారు. 1957లో వివిధభారతి పెట్టక తప్పలేదు. అదే విధంగా బ్రిటన్‌లో 1967 ఆగస్టులో ఓడ స్టేషన్లను చట్టంతో మూయించారు, సెప్టెంబరు 30న రేడియో వన్ ప్రారంభించారు.

ఇక్కడే ఉదారవాద చరిత్రకారులు తమ కథను అల్లుతారు. ఓడలు స్వేచ్ఛ అట, యూనియన్ మూర్ఖత్వమట. ఓడల్లో జరిగిందేమిటి? ప్రకటనల డబ్బుతో రికార్డులు తిప్పారు. స్టూడియోలో వాద్యకారుడి అవసరమే లేదు. కంపెనీ అచ్చు వేసిన పాట వినిపించటం తప్ప, కంపెనీ వద్దన్న పాటను పుట్టించే శక్తి ఆ స్వేచ్ఛకు లేదు. ఓడల వల్ల బీబీసీకి చెవులు తెరుచుకున్నాయి, అంతవరకు ఒప్పుకుంటాను. జాన్ పీల్ కూడా "రేడియో లండన్" ఓడ నుంచి వచ్చినవాడే.

బీబీసీని నేను వెనకేసుకురావటం లేదు. 1965 నవంబరులో బోవీ తన బృందంతో పరీక్షకు వెళితే అక్కడి ఎంపిక సంఘం పనికిరాడని పంపేసింది. ప్రజల లైసెన్సు డబ్బుతో నడిచే సంస్థలో, ప్రజలేం వినాలో మూసిన గదిలో కూర్చున్న నలుగురు పెద్దమనుషులు నిర్ణయించటం ఏ రకం ప్రజాస్వామ్యం?

కాని రెండేళ్ల తరవాత కథ మారింది. 1967 డిసెంబరు 18న "టాప్ గేర్" కార్యక్రమానికి అతను పాడాడు, వెనక పెద్ద వాద్యబృందం. ఆ యేడు జూన్‌లో వచ్చిన అతని మొదటి ఆల్బం అమ్ముడుపోలేదు. "ఇన్ ది హీట్ ఆఫ్ ది మార్నింగ్" అనే పాటను డెక్కా వారు సింగిల్‌గా వెయ్యటానికి నిరాకరించారు. ఆ పాటే డిసెంబరులోనూ, మళ్ళీ 1968 మేలోనూ రేడియోలో వచ్చింది. కంపెనీ దాన్ని 1970లో గాని బయటపెట్టలేదు. మార్కెట్టు ప్రతిభను గుర్తిస్తుందనేవాళ్లు ఈ మూడు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

1971 జూన్ 3 నాటి కచేరీ ఇంకా ముఖ్యమైంది. నాలుగు రోజుల క్రితమే బోవీకి కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడి మీద కట్టిన "కూక్స్" పాట ఆ రోజే పాడాడు. ఆర్సీఏ కంపెనీతో ఒప్పందం సెప్టెంబరులో జరిగింది, ఆల్బం డిసెంబరులో వచ్చింది. డబ్బు పెట్టి కొనటానికి దొరకటానికి ఆరు నెలల ముందే జనం ఆ పాటను విన్నారు.

అంతమాత్రాన అతను మనవాడయిపోడు. 1976లో ఫాసిజాన్ని మెచ్చుకుంటూ మాట్లాడాడు. తరవాత వెనక్కి తీసుకున్నాడు గాని, ఆ యేడు ఎరిక్ క్లాప్టన్ వాగుడుతోబాటు ఈ మాటలు కూడా "రాక్ అగెనెస్ట్ రేసిజం" ఉద్యమానికి కారణమయ్యాయి. 1997లో తన పాటల రాబడిని 55 మిలియన్ డాలర్లకు బాండ్లుగా మార్చి అమ్మాడు. పాట బాండు కావటం నాకు తెలిసి అదే మొదలు.

ఇక భద్రత సంగతి. ఆ కాలపు స్టూడియో టేపుల్ని బీబీసీ చాలావరకు చెరిపేసి మళ్ళీ వాడుకుంది. కొన్ని దక్కాయంటే ఇంట్లో రేడియో పక్కన టేపు యంత్రం పెట్టుకున్న శ్రోతల వల్ల. 1980ల మొదట్లో రికార్డు కంపెనీల సంఘం ఇదే శ్రోతల మీద విరుచుకుపడి, ఇంటి టేపులు సంగీతాన్ని చంపేస్తున్నాయని ప్రచారం చేసింది. 2001లో బీబీసీయే, మీ దగ్గరేమైనా వుంటే ఇవ్వండని శ్రోతల్ని అడుక్కోవలసి వచ్చింది. 2000లో అమ్మకానికి పెట్టిన డిస్కుల మొదటి ముద్రణలో "జిగ్గీ స్టార్‌డస్ట్" ఒకే రికార్డింగు రెండుసార్లు పడింది! లైసెన్సు రుసుం కట్టి ఒకసారి కొన్నవాళ్లకు అదే సరుకును రెండోసారి అమ్మేటప్పుడయినా కాస్త శ్రద్ధ పెట్టవలసింది.

నీడిల్ టైం 1988లో పోయింది. పోయినందుకు విచారించినవాళ్లు నాకు పత్రికల్లో పెద్దగా కనిపించలేదు.

మా అర్థశాస్త్ర మిత్రుడు పుట్టుకతో వచ్చే మేధావిని నమ్మడు, శిష్యుడు వర్గాన్ని నమ్మడు. ఇద్దరినీ 1970 ఫిబ్రవరి 5 నాటి రికార్డింగు వినమన్నాను. అందులో గిటారు వాయించిన మిక్ రాన్‌సన్ అప్పటికి హల్ పట్టణపు మునిసిపాలిటీలో తోటపని చేసేవాడు. బోవీని కలుసుకుని రోజులు గడవలేదు, పాటలు సరిగా రావు. స్వరం ఎటు మారుతుందోనని వెతుక్కుంటూ వాయించటం చెవికి తెలుస్తూనే వుంటుంది. తరవాత బోవీకి పేరు తెచ్చిన ఆల్బముల్లో వినబడే గిటారు అతనిదే. డిస్కులు వచ్చేనాటికి రాన్‌సన్ చనిపోయి ఏడేళ్లయింది.