నిలబడి మేసే గుర్రం

పెళ్ళి సంబంధం తర్వాత మనవాళ్ళు నలుగురి సలహా అడిగి చేసే పని ఏదైనా ఉంటే అది కారు కొనడమే. దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్.బి.నగర్ దాకా ఏ టీ కొట్టు ముందయినా, ఏ కాలేజీ స్టాఫ్‌రూములోనయినా కాసేపు కూచోండి. కొత్త బండి తాళంచెవి బల్లమీద పెట్టిన పాపానికి పాపం ఆ పెద్దమనిషిని అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంతిస్తోంది సార్?" అనగా లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. ఆయన పదహారంటే జాలిపడతారు. ఇరవై అంటే నమ్మరు.

పోతే, కారు ప్రియుల్లో శాఖాభేదాలకు లోటు లేదు. తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడును బట్టి బండి గుణం చెప్పేవారు కొందరు. ఏ ఊళ్ళో ఆగిపోయినా మెకానిక్కు దొరకాలి, అదే అసలు గుణం అనేవారు కొందరు. బ్యాటరీ బండిని మించింది లేదనేవారు ఇప్పుడు తయారయ్యారు. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వాటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు 2026 డిసెంబరు ఆఖరు వరకు మాఫీ చేసింది కాబట్టి వీరి గొంతు కాస్త పెద్దదయింది. అయితే అపార్టుమెంటులో ఛార్జింగుకు వైరు ఎవరి మీటరు నుంచి లాగాలన్న ప్రశ్న వచ్చేసరికి ఆ గొంతే సన్నబడుతుంది.

మన తండ్రుల కాలంలో ఈ చర్చలకు తావేదీ? అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ - ఈ మూడింటిలో ఏది దొరికితే అది మహాప్రసాదం. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి మధ్యతరగతి వాడికి కారు మీద ఆశ పుట్టించింది. 2014లో అంబాసిడరూ, మారుతి 800 కూడా తయారీ ఆగిపోయాయి. 2019 నుంచి మన పెనుకొండ దగ్గరే కియా కార్లు తయారవుతున్నాయి. కార్లు మారాయి గాని ప్రశ్న మారలేదు: "ఎంతిస్తోంది?"

ఆ ప్రశ్న విలువ ఎంతో ఒకసారి లెక్క కడదాం. నెలకు 400 కిలోమీటర్లు తిరిగే కారు అనుకోండి. ఏడాదికి 4,800. లీటరుకు 16 ఇస్తే 300 లీటర్లు, 20 ఇస్తే 240. తేడా 60 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున వేసుకుంటే ఏడాదికి 6,420. నెలకు 535 రూపాయలు! ఇంత రభసా దీనికోసమేనన్న మాట.

ఇక రెండో వైపు చూడండి. 8 లక్షల బండికి నూటికి 14 చొప్పున జీవితకాలపు పన్ను 1,12,000. భీమాకు ఒక 40 వేలు వేసుకుంటే ఇంటికొచ్చేసరికి 9,52,000. ఎనిమిదేళ్ళు వాడి 3 లక్షలకు అమ్మితే, ఆవిరైపోయింది 6,52,000. ఏడాదికి 81,500. ఇందులో పెట్రోలు చుక్క కూడా లేదు! గుర్రం గుడ్డిదైనా దానాకు తక్కువ లేదన్నారు పెద్దలు. ఈ గుర్రం గడప దాటకపోయినా మేస్తుంది.

లెక్క తెలియక కొందరు కోత పెట్టరాని చోట కోత పెడతారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు ఎదుటివారి నష్టానికి సంబంధించిన భీమా మూడేళ్ళకు ఒకేసారి కట్టి తీరాలి. మన బండికి కలిగే నష్టానికి భీమా మాత్రం మన ఇష్టం. రెండో ఏట చాలామంది దానిని మానేస్తారు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఎవరికి గుర్తులేదు? సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలను ముంచినప్పుడు కార్లు నీళ్ళలో తేలాయి. అలాంటి రోజున మొదటి రకం భీమా మాత్రమే ఉన్నవాడికి దక్కేది సానుభూతి.

రెండో రకం ఉన్నవాళ్ళకూ ఒక హెచ్చరిక. నీళ్ళలో మునిగిన బండి తాళం పొరపాటున కూడా తిప్పకండి. గాలి వెళ్ళే దారిన నీరు ఇంజనులో చేరుతుంది. గాలిని నొక్కవచ్చు గాని నీటిని నొక్కలేం. లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగి ఇంజను పనికి రాకుండా పోతుంది. ఇంజను రక్షణ కోసం విడిగా సొమ్ము కట్టి ఉంటే తప్ప, అది మీరు చేసుకున్న నష్టమని కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. నెట్టించి, లారీ మీద ఎక్కించి షెడ్డుకు పంపడమే మార్గం.

ఇంతకీ కారు కొనవద్దని కాదు. అర్ధరాత్రి అమ్మకు ఆయాసం వస్తే ఆటో కోసం వీధిలో నిలబడ్డవారికి దాని విలువ ఏ లెక్కా చెప్పనక్కరలేదు. పిల్లాపాపలతో విజయవాడ రోడ్డెక్కి సూర్యాపేట అత్తవారింటికి పోయి రావడంలో సుఖమూ నిజమే. కాని ఒంటరిగా అమీర్‌పేటకు ఉద్యోగానికి వెళ్ళేవాడికి ఎల్.బి.నగర్ నుంచి మెట్రో 2018 సెప్టెంబరు నుంచీ నడుస్తూనే ఉంది. ఏ పనికి ఏ బండి అన్నది తేల్చుకున్నాకే ఏ కంపెనీ బండి అన్న మాట.

కనుక ఈసారి ఎవరైనా కొత్త కారు తెస్తే "ఎంతిస్తోంది?" అనకండి. "ఎంత తింటోంది?" అనండి. ఆయన జేబులోంచి పెన్నూ కాగితమూ తీశాడా, బండి మంచి యజమాని చేతిలో పడ్డట్టే.