దరఖాస్తుపై బరువు

పనిని, పైకాన్ని, నేటి బ్రతుకును వస్తువుగా గైకొని, ఇంకా రాని రేపటిని విచిత్రంగా ఊహించి వ్రాసే కథలంటే మన విమర్శకులకు ఎందుకో గిట్టదు. ఒక వర్గంవారు ఇది ప్రాగ్ నగరంనుండి దిగుమతియైన సరుకంటారు. మరొక వర్గంవారు ఇది శ్రమజీవి కష్టాలకు ముఖం చాటువేసిన పలాయనమంటారు. తక్కిన విషయాలలో ఒకరి పొడ ఒకరికి గిట్టని ఈ ఉభయులు ఇక్కడ మాత్రం ఏకకంఠులు. ప్రచురణకర్తలు నాలుగు పుటలు తిరగవేసి, హాస్యమనియో బాలసాహిత్యమనియో ఒక చీటీ అంటించి ప్రక్కన పెడతారు. ఈ తీర్పులేవీ చెల్లవని నా వాదం. హిందీనుండి తెలుగు చేయడమే పనిగా పెట్టుకొన్న నాకు ఇందులో కొంత స్వార్థం కూడా లేకపోలేదు.

దిగుమతి మాట ముందు చూద్దాం. 1905లో మద్రాసునుండి వెలువడుతుండిన 'ఇండియన్ లేడీస్ మేగజీన్' అనే ఆంగ్ల పత్రికలో రొకేయా సఖావత్ హుస్సేన్ అనే వంగమహిళ 'సుల్తానాస్ డ్రీమ్' అన్న కథను ప్రకటించినది. కోస్తా జిల్లాల తెలుగువారు ఆనాడు ఆ మద్రాసు రాజధానిలోనివారే. స్త్రీల ఏలుబడిలో ఉన్న ఆ స్వప్నదేశంలో వంట సూర్యుని వేడిమితో జరుగుతుంది. పొలం విద్యుత్తుతో దున్నబడుతుంది. ఈ వింతలను అందరూ చెబుతారు. నన్ను ఆకర్షించినది వేరొకటి. అక్కడ ఉద్యోగం రోజుకు రెండే గంటలు. మా దేశపు ఉద్యోగులు ఏడు గంటలు చేస్తారే అని సుల్తానా విస్తుపోతే, ఆమె చెలికత్తె లెక్క కట్టి చూపుతుంది: ఒక చుట్ట కాలడానికి అరగంట, రోజుకు పన్నెండు చుట్టలు, వెరసి ఆరు గంటలు పొగకే చెల్లు. ఇది స్వప్నమా, హాజరుపట్టీ తనిఖీయా? అప్పటికి కాఫ్కా ఇంకా ఉద్యోగంలోనే చేరలేదు. 1908లో ఆయన చేరినది కార్మికుల ప్రమాదబీమా కార్యాలయంలో. అనగా ఆయనకు విచిత్రాన్ని నేర్పినది కూడా కచేరీయే. అటువంటి కచేరీలు జబల్పూరులోను, కాకినాడలోను ఉండగా, వింతను ప్రాగ్‌నుండి తెప్పించుకోవలసిన అవసరమేమి?

రవీంద్రుని 'రక్తకరవి' నాటకం 1926లో పుస్తకంగా వచ్చినది. అందులోని యక్షపురిలో బంగారం త్రవ్వే కూలీలకు పేర్లు పోయి అంకెలు మిగిలినవి. ఫాగులాల్ అనేవాడు పై అధికారుల లెక్కలో 47-ఫ. దీనిని పలాయనమన్నవాడు ఏ గనిలోనికైనా దిగి చూచినాడా అని సందేహం కలుగుతుంది.

ఇక హరిశంకర్ పర్సాయీ. 'భోలారామ్ కా జీవ్' అన్న ఆయన కథ హిందీ చదివిన ప్రతివానికీ తెలుసు. జబల్పూరులో భోలారామ్ అనే బీద ఉద్యోగి చనిపోతాడు. యమదూత చేతిలోనుండి ఆ జీవుడు మాయమవుతాడు. వెదకడానికి నారదుడు దిగివస్తాడు. తెలిసినదేమంటే, పదవి విరమించి ఐదేండ్లయినా అతనికి పింఛను రాలేదు. కచేరీలో విచారిస్తే, అతని దరఖాస్తులపై బరువు పెట్టకపోవడంవల్ల అవి ఎగిరిపోయినవని గుమాస్తా చెబుతాడు. బల్లపై కాగితపు బరువులున్నవి గదా అంటాడు అమాయక నారదుడు. చివరకు దొర ఆయన వీణనే బరువుగా పుచ్చుకొని ఫైలు తెప్పిస్తాడు. నారదుడు పేరు పెట్టి పిలువగానే ఫైలులోనుండి భోలారాముడు పలుకుతాడు, పింఛను ఉత్తరువు వచ్చినదా అని. స్వర్గానికి రమ్మంటే రానంటాడు. అతని మనస్సు ఆ కాగితాలలోనే చిక్కుకొన్నది.

ఈ కథను ఒక సంకలనానికి తెలుగు చేసి ఇచ్చినప్పుడు, 'బరువు' అన్న మాట కృతకంగా ఉన్నది, 'చేయి తడపడం' అంటే మనవారికి వెంటనే తెలుస్తుంది గదా అని ఒక సంపాదకుడు సూచించినాడు. తెలియడమేమో తెలుస్తుంది, కథ మాత్రం చస్తుంది. చేయి తడిపితే అది లంచం, పత్రికలో రోజూ చదివేదే. 'వజన్' అన్నప్పుడు దరఖాస్తు నిజంగా గాలికి లేస్తుంది, వీణ నిజంగా దానిపై కూర్చుంటుంది, జీవుడు నిజంగా పుటల మధ్య అణగి ఉంటాడు. కచేరీ భాషను అక్షరాలా నమ్మడమే ఈ కథలోని మహిమ. అది తీసివేసిన అనువాదంలో మిగిలేది నీతిబోధ. మన విమర్శకులు కోరేది అదేనేమో!

దేవతలను కచేరీకి దించడం అపచారమనేవారు కూడా ఉన్నారు. విశ్వనాథవారి 'హాహాహూహూ'లో గంధర్వుడు లండనులో పడితే తెలుగువాడు ఆనందించినాడు. 1977లో 'యమగోల' చిత్రంలో కథానాయకుడు యమలోకంలో తిరుగుబాటు లేవదీస్తే ఈలలు వేసినాడు. పింఛను కచేరీలో నారదుడు నిలబడితే మాత్రం గౌరవభంగమా?

పలాయనమన్న మాటకు సమాధానం కథలలో వెదకనక్కరలేదు. ఆజమ్‌గఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ 1975నుండి 1994వరకు ప్రభుత్వపు దస్తావేజులలో మృతుడు. భూమికోసం బంధువే అతనిని కాగితంపై చంపించినాడు. అతడు తన పేరు ప్రక్క 'మృతక్' అని చేర్చుకొన్నాడు, ఎన్నికలలో నిలబడినాడు, భార్యకు వితంతు భరణం ఇమ్మని అడిగినాడు. ఈ కథను ఎవరైనా కల్పించి వ్రాసి ఉంటే మన విమర్శకులు దానిని ఏ అరలో పెట్టి ఉండేవారు? మన ఇండ్లలోని పింఛనుదారు ఏటేటా తాను బ్రతికియున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవలె. 2014నుండి వ్రేలిముద్రతో ఆ పని చేయించే ఏర్పాటు వచ్చినది. జీవితమంతా పనిచేసి అరిగిన వ్రేలిని యంత్రం గుర్తించకపోతే, కుర్చీలో కూర్చున్న మనిషి సాక్ష్యం దానికి చాలదు.

పైకం సంగతి మరీ విడ్డూరం. 2016 నవంబరు 8న రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన వచ్చినది. అర్ధరాత్రినుండి 500, 1000 రూపాయల నోట్లు చెల్లలేదు. దేశంలో చలామణిలో ఉన్న ద్రవ్యం విలువలో అవి సుమారు 86 శాతం. భర్తకు తెలియకుండా పోపులపెట్టెలో ఇల్లాలు దాచుకొన్న సొమ్ము తెల్లవారేసరికి వరుసలలో నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసిన సొమ్మైనది. అంతకు ఒక్క ఏడు ముందు దీనిని కథగా పంపి ఉంటే, అసంభవమని త్రిప్పిపంపేవారు.

పర్సాయీయే మరొక కథలో ఇన్స్‌పెక్టర్ మాతాదీన్‌ను చంద్రలోకానికి పంపినాడు. అక్కడి పోలీసులు నేరస్థులను పట్టడం లేదు. కారణం మాతాదీన్ ఇట్టే కనిపెట్టినాడు: జీతం ఎక్కువ. తగ్గిస్తే కడుపు నింపుకోవడానికి రాత్రింబవళ్లు నేరాలకోసం తిరుగుతారని ఆయన ఉపాయం. జీతానికి, కర్తవ్యానికి గల సంబంధాన్ని ఇంత నిర్దాక్షిణ్యంగా విప్పిచూపిన ఆర్థికశాస్త్ర గ్రంథం నేను చదవలేదు. చంద్రుడు అక్కడ నెపం మాత్రమే.

ఈ తరంలో జ్ఞాన్ చతుర్వేది అనే వైద్యుడు 2018లో 'పాగల్‌ఖానా' నవల వ్రాసినాడు. బజారే సర్వమైన లోకంలో, దానికి లొంగనివారు పిచ్చివారుగా లెక్కకు వస్తారు. 2022 సంవత్సరపు వ్యాస సమ్మాన్ దానికి లభించినది; కావున హిందీ ప్రాంతంలో చీటీ అంటించే చేతులు కొంత వెనుకాడినట్లే. ఈ నవలను తెలుగు చేయబూనినవానికి ఎదురయ్యే చిక్కు మరొకటి ఉన్నది. నేడు మన వీధులలో అన్నపు పొట్లాలు మోసుకొని పరుగెత్తే యువకుణ్ణి అతనిచేత పని చేయించుకొనే సంస్థ 'పార్ట్‌నర్' అంటుంది. భాగస్వామి అని అనువదిస్తే అబద్ధం. కూలీ అంటే నిజమే గాని ఆ వింత పోతుంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అతనికి 'గిగ్ వర్కర్' అనే పేరు కల్పించినది. ఆ మాటకు ఇంతవరకు తెలుగు లేదు. భోలారాముడు చిక్కుకొనడానికి ఫైలైనా ఉండెను. ఈ యువకుని పేర పింఛను దరఖాస్తు ఏదీ లేదు. రేపు నారదుడు దిగివచ్చి ఏ బల్ల ముందు నిలబడి ఇతనిని పిలువవలెనో వ్రాయగలవాడు ఇంకా కలం పట్టవలసి ఉన్నది.

అట్టివాడు వచ్చినప్పుడు ఏ అరలో పెట్టవలెనా అని మన పెద్దలు తర్జనభర్జన పడతారు. ఈలోగా భోలారాముని అనువాదంలో 'బరువు' అనే ఉంచినాను. అచ్చుచిత్తులలో దానిని ఎవరూ దిద్దవద్దని కోరుతున్నాను.