పిల్లనిచ్చే ముందు అడగాల్సిన కాగితం

మా వీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే ఆయన మొన్న ఆదివారం పొద్దున్నే రెండు బయోడేటాలు పట్టుకొని మా ఇంటికొచ్చాడు. ఇబ్రహీంపట్నంలో నేను పేపరుకు రాస్తానని తెలిసిన దగ్గర్నుంచి పట్టాదారు పాసుపుస్తకం మొదలు పాస్‌పోర్టు దాకా ఊళ్లో కాగితాలన్నీ మా గడప ఎక్కుతున్నాయి. ఆయన బిడ్డ ఇక్కడే మంగళ్‌పల్లి వైపు ఒక కాలేజీలో బీటెక్ చదివి ఆదిభట్లలో ఉద్యోగం చేస్తోంది.

"అన్నా, ఒక పోరడు హెచ్‌వన్ మీదున్నడు. ఇంకో పోరనికి మొన్ననే గ్రీన్ కార్డు వచ్చిందట. ఇద్దరి జాతకాలు కలిసినయ్. ఇంట్ల అందరు గ్రీన్ కార్డుకే మొగ్గుతున్నరు. కట్నం గూడ వాళ్లే జర ఎక్కువడుగుతున్నరు." (కట్నం మాట విననట్టే ఊరుకున్నాను. అది ఇంకోవారం రాయాల్సిన సంగతి.)

"లగ్గమైనంక బిడ్డ ఎప్పుడు పోవాలె?" అనడిగాను.

"ఎప్పుడేంది? పదహారు రోజుల పండుగ కాంగనే, ఓ రెండు మూడు నెల్లల్ల."

"అట్లయితే గ్రీన్ కార్డు సంబంధమే ఆలస్యం" అన్నాను. ఆయన నాకేసి చూసిన చూపులో, ఈయనకు ఏమీ తెలియకుండానే పేపర్లో రాస్తున్నాడా అన్న అనుమానం కనబడింది.

ఆయన తప్పేం లేదు. మన పెళ్లిళ్ల బజారులో వరసెప్పుడో ఖాయమైపోయింది: అన్నిటికంటే పైన సిటిజెన్, తర్వాత గ్రీన్ కార్డు, తర్వాత హెచ్‌వన్ ఉద్యోగ వీసా, అట్టడుగున ఎంఎస్ ముగించి ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్న పిల్లగాడు. ఈ వరస అబ్బాయి భద్రతను చెబుతుంది. అమ్మాయి ఎప్పుడు వెళ్తుంది, వెళ్లి ఏం చేయగలదు అన్నది చెప్పదు. అమ్మాయి వైపు నుంచి లెక్క వేస్తే వరస తలకిందులవుతుంది.

హెచ్‌వన్ అబ్బాయి భార్యకు హెచ్-4 వీసా వస్తుంది. దానికి ఏటా ఇంతమందికే అన్న కోటా లేదు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో తెరిచిన కొత్త అమెరికన్ కాన్సులేట్‌లోనే ఇంటర్వ్యూ. బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ ఎక్కితే గంటలో అక్కడుంటాం. మునుపటి సుళువు ఇప్పుడు లేదనుకోండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా తెరిచి చూస్తున్నారు. ఆ దెబ్బకు ఎందరి అపాయింట్‌మెంట్లో నెలల తరబడి వెనక్కి జరిగాయి. అయినా ఇది నెలల వ్యవహారమే.

గ్రీన్ కార్డు అబ్బాయి భార్య వెళ్లే దారి వేరు. ఎఫ్2ఏ అనే కోటాలో ఆమె వరసలో నిలబడాలి. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా ఆ కోటాలో వరస లేదు. ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు రెండేళ్ల పైమాటే. పోనీ ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లి నెలరోజులు ఉండొద్దామంటే, భార్య కోసం భర్త పెట్టిన ఐ-130 దరఖాస్తే అడ్డం పడుతుంది. అక్కడ స్థిరపడాలన్న ఉద్దేశం ఉందని మీరే రాసిచ్చారు కదా అంటాడు ఆఫీసరు. ఈ బాధ అమెరికా కాంగ్రెస్‌కు తెలియనిది కాదు. 2000లో 'వి' వీసా అని ఒకటి తెచ్చి, మూడేళ్లకు మించి ఎదురుచూస్తున్న భార్యలను రానిచ్చారు. కానీ ఆ ఏడాది డిసెంబరు 21లోపు దరఖాస్తు పడినవాళ్లకే అది వర్తించింది. తర్వాతి వాళ్లకు ఆ తలుపు తెరవలేదు.

సిటిజెన్ భార్యకు కోటా బాధ లేదు. అయితే ఐ-130 ఆమోదం, ఆపైన నేషనల్ వీసా సెంటర్ కాగితాలు అన్నీ కలిపితే ఏడాది దాటుతుంది. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో కాదు, మామూలుగా ముంబయిలో. పెళ్లై రెండేళ్లు నిండకముందే అడుగుపెడితే చేతికొచ్చేది రెండేళ్ల షరతు గ్రీన్ కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మరో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే మెలిక ఒకటుంది. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న అబ్బాయి, అది మంజూరు కావడానికి ఒక్కరోజు ముందు తాళి కట్టినా సరే, భార్య అతని వరసలోనే అతని తేదీతోనే చేరుతుంది. ఒక్కరోజు తర్వాత కడితే ఎఫ్2ఏ వరస మొదట్నుంచీ నిలబడాలి. పంతులుగారి రాహుకాలం గంటన్నర. ఈ రాహుకాలం రెండేళ్లు. ఇంకో విడ్డూరం చెబుతాను. ఈ వరసల్లో దేశాన్ని లెక్కగట్టేది పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి. ఒక్కో దేశానికి ఏడు శాతం హద్దు ఉండడం వల్ల 2025 చివరికి కూడా ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కోటాల్లో ఇండియా వాళ్ల వంతు 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. భార్య పుట్టిన దేశం లెక్కలోనూ చేరవచ్చు కాబట్టి, దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన తెలుగు పిల్లను చేసుకున్నవాడు ఆమె పుణ్యమా అని ఆ వరస దాటిపోతాడు. మన దగ్గర ఇంకా జన్మనక్షత్రమే అడుగుతున్నారు, జన్మస్థలం అడగట్లేదు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. బ్రిటన్‌లో భార్యను తెచ్చుకోవాలంటే 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపాలి. అంతకుముందు 18,600 ఉండేది. అక్కడ మాస్టర్స్ చదువుకు వెళ్లినవాడు భార్యను వెంట తీసుకెళ్లే వీలు 2024 జనవరితో పోయింది. గల్ఫ్‌లో అంతా జీతం మీదే. ఎమిరేట్స్‌లో నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉంటేనే కుటుంబం. కరీంనగర్, జగిత్యాల నుంచి కూలికి వెళ్లినవాళ్లలో చాలామంది భార్యలకు ఆ దేశాలు ఫోన్‌లో కనబడడమే గానీ కాలు పెట్టింది లేదు.

మళ్లీ హెచ్-4 దగ్గరికి. త్వరగా వస్తుంది నిజమే. వెళ్లాక? చదువుకోవచ్చు, ఉద్యోగం చేయరాదు. భర్త ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉంటే భార్యకొచ్చే ఎఫ్-2 మరీ ఘోరం, డిగ్రీ కోర్సులో పూర్తికాలం చదవడానికి కూడా లేదు. హెచ్-4 వాళ్లకు ఒబామా హయాంలో, 2015 మే 26 నుంచి కొంత వెసులుబాటు వచ్చింది. భర్త గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 ఆమోదమై ఉంటే, లేదా ఆరేళ్లు దాటి హెచ్‌వన్ పొడిగింపు వచ్చి ఉంటే, భార్య ఈఏడీ అనే పని అనుమతి తీసుకోవచ్చు. దీన్ని కొట్టేయమని 2015లోనే వేసిన దావా పదేళ్లు సాగింది. 2025 అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు తీసుకోకపోవడంతో ఆ గండం గడిచింది. గడిచిందో లేదో, అదే నెల 30 నుంచి ఇంకోటి వచ్చింది. అంతకుముందు రెన్యువల్ దరఖాస్తు పెట్టుకుంటే 540 రోజుల దాకా పాత కార్డు మీదే పని చేసుకోనిచ్చేవారు. ఇప్పుడు కార్డు గడువు ముగిసిన రోజు ల్యాప్‌టాప్ అప్పగించి ఇంటికి రావాల్సిందే.

భర్త ఉద్యోగం పోతే 60 రోజుల గడువుంటుంది. భర్తే పోతే ఏమవుతుందో మనవాళ్లు 2017లో చూశారు. ఆ ఏడాది ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలాథేలో, గార్మిన్ కంపెనీ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక జాత్యహంకారి కాల్చి చంపాడు. శ్రీనివాస్ వయసు 32. భార్య సునయన దుమాల భౌతికకాయంతో హైదరాబాద్ వచ్చారు. అంత్యక్రియలయ్యాక తిరిగి వెళ్లాలంటే ఆమెకు హక్కు లేదు. ఆమె స్టేటస్ భర్త వీసాకు కట్టి ఉంది, ఆ వీసా ఆయనతోనే పోయింది. ఆమె ఇల్లు అక్కడ, ఉద్యోగం అక్కడ, భర్త కోసం కొవ్వొత్తులు వెలిగించిన ఊరు అక్కడ. కెవిన్ యోడర్ అనే కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటేగానీ తాత్కాలిక అనుమతి రాలేదు. మరుసటి ఏడాది జనవరి 30న ట్రంప్ చేసిన స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగానికి ఆమె యోడర్ అతిథిగా వెళ్లారు. ఆమె విషయం ప్రపంచమంతా పేపర్లకెక్కింది కాబట్టి అంతమాత్రం దారి దొరికింది. పేపర్లకెక్కని ఇల్లాలికి యోడర్ ఎవరు?

అమెరికానొక్కదాన్నే అనడం న్యాయం కాదు. మన చట్టం చూడండి. విదేశీ అమ్మాయి మన అబ్బాయిని చేసుకుని ఇక్కడికొస్తే, రిజిస్టరైన పెళ్లికి రెండేళ్లు నిండితేగానీ ఓసీఐ కార్డుకు అర్హత రాదు. విడాకులైతే ఆ కార్డు రద్దు చేయొచ్చని పౌరసత్వ చట్టంలోనే ఉంది. ఏ దేశం చూసినా పెళ్లి వీసా అనేది మొగుడి జేబులోని తాళంచెవే.

అందుకే వీసా కోసం తొందరపడి పెళ్లి రిజిస్ట్రేషన్ సంతకాలు పెట్టొద్దంటాను. ఆ మధ్య మా ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక పెళ్లికి సాక్షిగా వెళ్లాను. ప్లాట్ల రిజిస్ట్రేషన్లకొచ్చిన జనం మధ్య, డాక్యుమెంట్ రైటర్ల బల్లల పక్కన, మెడలో దండలతో వధూవరులు నిలబడ్డారు. అబ్బాయికి పది రోజులే సెలవు. అసలు పెళ్లి మాఘంలో, ఫంక్షన్ హాలు కూడా బుక్కయింది. వీసా పని ముందే మొదలవ్వాలని, పొద్దున గుళ్లో తాళి కట్టించి, ఫొటో తీయించి, అటునుంచి అటే తీసుకొచ్చారు. గుమస్తా శుభలేఖ చూసి, "చి.ల.సౌ. చిన్ని ఎవరు?" అన్నాడు. అది అమ్మాయి ఇంట్లో పిలిచే పేరు. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు ఇంటిపేరు జాగాలోకి పోయి, మొదటి పేరుగా 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, పేరు తెలియదు అని దానర్థం. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరుకు పట్టే గతి అది. గంటన్నర తంటాలు పడి మరో శుభలేఖ అచ్చు వేయించుకొచ్చారు.

పేరు సంగతి సర్దుకుంటుంది. సర్దుకోనిది ఇంకొకటి. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఆ పిల్లకు ఇంకా పెళ్లి కాలేదు, పుట్టింట్లోనే ఉంది. చట్టం దృష్టిలో ఆ రోజు నుంచే భార్య. మాఘం వచ్చేలోపు సంబంధం చెడితే, నిశ్చితార్థం చెడినట్టు పండ్లూ చీరా తిప్పి పంపితే కుదరదు. కోర్టుకెక్కాలి. ఇద్దరూ ఒప్పుకున్నా సరే, కనీసం ఏడాది విడిగా ఉంటేగానీ పరస్పర అంగీకార విడాకుల దరఖాస్తు పెట్టడానికే లేదు.

ఈ సంగతులన్నీ కిరాణా అన్నకు చెప్పి, రెండు ఇళ్లకూ ఫోన్ చేసి అడగమన్నాను. జీతం కాదు, కారు కాదు. హెచ్‌వన్ అబ్బాయినైతే పిటిషన్ ఆమోదం తెలిపే ఐ-797 నోటీసు, ఐ-140 అయితే దాని నకలు. గ్రీన్ కార్డు అబ్బాయినైతే సిటిజెన్‌షిప్‌కు ఎప్పుడు అర్హత వస్తుందో ఆ తేదీ. "అట్ల అడుగుతే ఏమనుకుంటరో" అని నసిగాడు. మనింటి ఏడు తరాల సంగతి వాళ్లు అడిగినప్పుడు మనమేమైనా అనుకున్నామా అన్నాను.

సాయంత్రం బిడ్డే వచ్చింది. తండ్రి వెంట లేడు.

"పెద్దనాన్నా, నా పేరు మీద పోయే తొవ్వ ఏమన్న ఉందా?"

ఈ ప్రశ్న పొద్దుట్నుంచి నాకే తట్టలేదు. సిగ్గుపడ్డాను. నేరుగా ఇక్కణ్నుంచి హెచ్‌వన్ అంటే కష్టం. 2025 సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకు, మనిషి అమెరికా బయట ఉంటే, కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఎంఎస్‌కు వెళ్తే సొంత ఎఫ్-1 ఉంటుంది, ఖర్చు తండ్రి కొట్టు మోయలేదు. ఆమె కంపెనీకి అమెరికాలో ఆఫీసుందని అప్పుడు చెప్పింది. అయితే కంపెనీ తన ఉద్యోగిని అక్కడి ఆఫీసుకు పంపే ఎల్-1 వీసా ఉంది. గడిచిన మూడేళ్లలో ఒక ఏడాది అదే కంపెనీలో పనిచేసి ఉండాలి, ప్రత్యేక నైపుణ్యమో మేనేజరు హోదానో చూపాలి. 2021 నవంబరులో కోర్టులో కుదిరిన రాజీ తర్వాత ఎల్-1 వాళ్ల భార్యకైనా భర్తకైనా విడిగా ఈఏడీ లేకుండానే ఉద్యోగం చేసే హక్కు ఉంది.

"అంటే నేను ఎల్-1 మీద పోతే, చేసుకున్నాయన నా మీద డిపెండెంట్ అయితడా?" అంది. అవుతాడన్నాను. కాసేపు నవ్వింది.

ఆమె ఆ కంపెనీలో చేరి ఎనిమిది నెలలు. బయోడేటాలు రెండూ ప్రస్తుతానికి కొట్టులో గల్లాపెట్టె కింద ఉన్నాయి.