గోడలు కాదు, డాక్టర్ల జట్టు కావాలె

మూత్రంలో రక్తం పడితే మన వాడల్లో మొదట వినపడే మాట "వేడి చేసింది" అని. సబ్జా నీళ్లు తాగుతరు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది. నొప్పి లేదు కాబట్టి మర్నాడు కూలికి పోతరు. కొన్నాళ్లకు రక్తం దానంతట అదే ఆగుతుంది. మనిషి మర్చిపోతడు. రోగం మాత్రం మర్చిపోదు. కిడ్నీ క్యాన్సర్ చాలామందిలో ఇట్లనే చప్పుడు లేకుండ పెరుగుతుంది. నడుం పక్కన నొప్పి, కడుపులో గడ్డ, విడవని జ్వరం, బరువు తగ్గడం కనిపించేనాటికి ఊపిరితిత్తులకో ఎముకలకో పాకి ఉండొచ్చు. బీడీ, సిగరెట్, పట్టించుకోని బీపీ, ఊబకాయం ఈ ముప్పును పెంచుతయి.

అప్పుడు మొదలవుతుంది తిరుగుడు. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి వచ్చే మనుషులు పట్నంల అడుగుపెట్టేది ఎల్బీనగర్ దగ్గరే. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డుకు రెండు దిక్కులా స్కానింగ్ సెంటర్లు, ల్యాబులు, ఆస్పత్రులు. ఒకచోట స్కాన్, ఇంకోచోట రక్తపరీక్ష, మరోచోట ఆపరేషన్ మాట. ఒక డాక్టర్ చెప్పింది ఇంకో డాక్టర్‌కు మోసేది ఎవరు? చదువు రాని కూలిమనిషి. చేతుల ప్లాస్టిక్ కవరు, అందుల ఫైలు.

డాక్టర్లను తిట్టడానికి ఈ మాటలు రాయడం లేదు. ఈ రోగమే ఒక్క డాక్టర్‌తో తేలేది కాదు. మామూలు కీమోథెరపీకి ఇది సరిగా లొంగదు. ఒళ్లంతా పాకినప్పుడు ముందు కిడ్నీ తియ్యాల్నా, మందులు మొదలుపెట్టాల్నా అన్నదే పెద్ద ప్రశ్న. 2018లో వెలువడిన 'కార్మెనా' పరిశోధన దీన్నే పరీక్షించింది. రోగం పాకి, పరిస్థితి ఓ మోస్తరుగానో బాగా చెడిపోయో ఉన్నవాళ్లలో, ముందు కిడ్నీ తీసి తర్వాత సునిటినిబ్ బిళ్లలు ఇచ్చిన దానికి, ఒట్టి బిళ్లలు ఇచ్చింది తీసిపోలేదని తేల్చింది. అట్లని ఆపరేషన్ ఎవరికీ వద్దని కాదు. కొందరికి మేలే. ఎవరికి వద్దు, ఎవరికి కావాలె? కోసే డాక్టర్, మందులిచ్చే డాక్టర్, స్కాన్ చదివే డాక్టర్, గడ్డ ముక్కను పరీక్షించే డాక్టర్ ఒక్క బల్ల చుట్టూ కూచోని తేల్చాలె. దీన్నే ట్యూమర్ బోర్డు అంటరు. ఎముక నొప్పికి రేడియేషన్ డాక్టర్, మిగిలిన కిడ్నీని కాపాడే డాక్టర్, నొప్పి తగ్గించే పాలియేటివ్ డాక్టర్, నర్సు కూడ ఆ జట్టులోనే ఉండాలె.

ఈ బిళ్లలతో బీపీ పెరుగుతుంది, అరచేతులు అరికాళ్లు మండి పుండ్లు పడతయి. కొడవలి పట్టే చెయ్యి అది. మందు మోతాదు తగ్గించుకునే దారి ఉందని చెప్పే మనిషి లేకపోతే రోగి బిళ్లలే బంద్ చేస్తడు. అప్పుడు "వీళ్లకు చెప్పినా అర్థం కాదు" అంటరు. అర్థమయ్యేటట్టు చెప్పిందెవరు?

ఇక డబ్బు సంగతి. ముదిరిన కిడ్నీ, కాలేయ క్యాన్సర్లకు వాడే నెక్సావర్ మందును బేయర్ కంపెనీ నెలకు 2 లక్షల 80 వేల రూపాయలకు అమ్మింది. 2012 మార్చి 9న మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు వచ్చింది. నెల మందు 8,880 రూపాయలకు దిగింది. బేయర్ సుప్రీంకోర్టు దాకా పోయింది, 2014 డిసెంబర్‌లో అక్కడా ఓడింది. అంటే మందు ధర దేవుడు రాసిన రాత కాదు, చట్టం దించితే దిగుతుంది. ఇయ్యాల కిడ్నీ క్యాన్సర్‌కు అంతకన్నా మంచి మందులు, ఇమ్యూనోథెరపీ సూదులు వచ్చినయి. కూలిమనిషికి మాత్రం అవి దూరంగనే ఉన్నయి.

ప్రభుత్వం చేసింది ఏం లేదా? ఉన్నది. 1955లో మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి రెడ్‌హిల్స్‌లో ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండ లక్డీకాపూల్‌లో దిగొచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. కొత్తపేటలో, పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ జాగల, వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. కానీ పడకలు లెక్కపెడితే వైద్యం కాదు. ఆ టిమ్స్‌లో వారానికోసారి ట్యూమర్ బోర్డు కూచోవాలె. దాని నిర్ణయం తెలుగులో రాసి రోగి చేతికియ్యాలె. ఫైలు చూసుకునే ఒక మనిషిని పెట్టాలె. బోర్డు రాసిన మందు, పనిచేసినన్ని రోజులు కార్డు మీద రావాలె. రోగం నయంకాని దశలో మార్ఫిన్ బిళ్ల జిల్లా ఆస్పత్రిలోనే దొరకాలె. నొప్పి లేకుండ బతకడం ఉన్నోళ్లకే రాసిపెట్టిన హక్కు కాదు.

సంఘం కార్యకర్తలకు ఒక పని. మీ ఊళ్లె ఎవరికైనా మూత్రంలో రక్తం పడితే, ఒక్కసారి పడి ఆగినా సరే, స్కాన్ చేయించండి. క్యాన్సర్ అని తేలితే ఒంటరిగా పంపకండి, వెంట పోండి. పొలం తాకట్టు పెట్టకముందే, ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వెయ్యకముందే మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడిదాకా పాకింది? అందరు డాక్టర్లు కలిసి చూసిన్రా? మందు కార్డు మీద వస్తుందా?

నల్లగొండ బత్తాయి దిగిన జాగ అది, హమాలీలు బరువులు మోసిన జాగ. అక్కడ మన మనిషి తన రోగం బరువును ఒక్కడే మొయ్యొద్దు. అడుగుదాం. ఇచ్చేదాక అడుగుదాం.