అమ్మమ్మ ఖాతాలో వేయండి

ఈ వారం మళ్ళీ అదే ఫొటో. నాయకుడి పుట్టినరోజు, అనాథాశ్రమం, మధ్యలో కేకు. పిల్లలు వరసగా నిలబడ్డారు, చేతుల్లో అరటిపళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు. జిల్లా పేజీలో అచ్చు వేశారు, వాట్సాప్‌లో ఊరంతా తిప్పారు. చూసి ఒళ్ళు మండింది.

అలా వేయడం నేరం కూడా. సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటో ప్రచురించకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ కింద కేసులు పెట్టడం మొదలుపెడితే ముందు మా పత్రికల మీదే పెట్టాలి. ఆ వరసలో నిలబడ్డ పిల్ల రేపు తొమ్మిదో తరగతికి వెళ్తుంది. తోటిపిల్లల ఫోన్‌లో ఆ ఫొటో ఉంటుంది. అరటిపండు అందుకుంటున్న తన చెయ్యిని ఆ పిల్ల ఎన్నేళ్ళు చూసుకోవాలి?

పెట్టే చెయ్యి ఉన్నవాళ్ళకు మన దగ్గర కొదవలేదు. పెళ్ళిరోజుకి అన్నదానం, సంవత్సరీకానికి దుప్పట్లు, మనవడి పుట్టినరోజుకి బిర్యానీ పొట్లాలు. ఆదివారం మధ్యాహ్నం ఒకే ఆశ్రమానికి రెండు మూడు కుటుంబాల భోజనాలు వచ్చి పడతాయి. సోమవారం పరీక్ష ఫీజు కట్టడానికి ఒక్కరూ రారు.

అసలు అమ్మానాన్నలు పోయిన పిల్లల్లో ఎక్కువమంది ఆశ్రమాల్లో లేరు. అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో, మేనమామ ఇంట్లోనో పెరుగుతున్నారు. హెచ్‌ఐవీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన రోజుల్లోనూ, మొన్నటి కోవిడ్‌లోనూ పిల్లల్ని ముందుగా చంకనెత్తుకున్నది ఈ ముసలమ్మలే. మా వీధిలో ఒకావిడ ఉంది. కూతురు పోయింది, అల్లుడు ఎటో వెళ్ళిపోయాడు, ఇద్దరు మనవరాళ్ళు. తెల్లారకముందే మెస్సులో ఉల్లిపాయలు తరిగి, వచ్చి పిల్లల్ని బడికి పంపి, మళ్ళీ వెళ్ళి గిన్నెలు తోముతుంది. మోకాళ్ళు వంగవు. పెద్దమనవరాలు ఈడేరాక నెలనెలా కొత్త ఖర్చు వచ్చిపడిందని తన బీపీ మాత్రలు మానేసింది. ఆవిడ దగ్గరికి కేకు పట్టుకుని ఎవరూ వెళ్ళరు.

ఇలాంటి ఇళ్ళ కోసమే మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ ఉంది. బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలకు, భర్త పోయిన లేదా వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకి 4,000 రూపాయలు, 18 ఏళ్ళు నిండేదాకా. కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. ఇదివరకు 2,000 ఉండేది. మంచి పథకం, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఆ ఇంట్లో నాలుగు వేలంటే పాలు, గుడ్లు, బడికి ఆటో, మాత్రలు. ఇంకోటి కూడా ఉంది, అది ఏ ఫైల్లోనూ రాయరు. మేనమామ ఇంట్లో ఉండే పిల్ల పేరిట నెలనెలా డబ్బు వస్తుంటే, అన్నం వడ్డించేటప్పుడు మేనత్త గొంతు మారుతుంది. పిల్ల తలెత్తుకుని రెండోసారి పెట్టించుకుంటుంది.

మరి ఆదాయ పరిమితి చూడండి. పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000. రోజుకి 250 చొప్పున 300 రోజులు కూలికి వెళ్ళిన నాయనమ్మకి 75,000 వస్తాయి. పల్లెలో ఆమె అనర్హురాలు. మనవడి కోసం ఎండలో ఇంకాస్త ఎక్కువ కష్టపడినందుకు ఆమెకి పడిన శిక్ష అది. కాగితాల గోల మరొకటి. తండ్రి చనిపోతే మరణ ధ్రువపత్రం ఉంటుంది. మా వీధి ఆవిడ అల్లుడిలా పారిపోయినవాడికి ఏ మీసేవలో ఏ పత్రం ఇస్తారు? బతికే ఉన్నాడో లేదో తెలియని తండ్రి కాగితం మీద మాత్రం పిల్లలకు అడ్డంగా నిలబడి ఉంటాడు.

ఇంటికి అందాల్సిన ఆ నాలుగు వేలు అందకపోతే జరిగేదేమిటి? పిల్లని తీసుకెళ్ళి ఆశ్రమంలో వేస్తారు. సంస్థల్లో ఉంచడం ఆఖరి మార్గం కావాలని అదే 2015 చట్టం మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది. ప్రపంచంలో సంస్థల్లో పెరిగే పిల్లల్లో అయిదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది. పేదరికం వల్ల ఆశ్రమానికి చేరిన పిల్లకి కేకు తినిపించి, ఇంట్లో ఉన్న ఆ తల్లికి మాత్రం ఏమీ ఇవ్వం.

హెర్మన్ గ్మైనర్ 1949లో ఆస్ట్రియాలోని ఇమ్‌స్ట్‌లో మొదలుపెట్టిన ఎస్ఓఎస్ బాలల గ్రామాల్లో లెక్క వేరు. ఒక ఇల్లు, అందులో ఒక తల్లి, తోబుట్టువుల్లా కొందరు పిల్లలు. మన దేశంలో మొదటిది 1964లో ఫరీదాబాద్ గ్రీన్‌ఫీల్డ్స్‌లో వచ్చింది. దాతలిచ్చే డబ్బుతో అక్కడ నడిచేది ఆ తల్లి సంసారం.

మన హాస్టళ్ళలో, ఆశ్రమాల్లో ఆ తల్లి స్థానంలో ఉన్నది ఆయమ్మ. నా అసలు బాధ ఇక్కడుంది. రాత్రి జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చునేది ఆమె, పక్క తడిపినవాడిని నలుగురిలో పరువు పోకుండా లేపేది ఆమె. ఆమెది ఏజెన్సీ ఉద్యోగం, చాలీచాలని జీతం, అదీ ఏ నెలకానెల అందదు. విసుగెత్తి మానేస్తుంది. ఇంకొకామె వస్తుంది, ఆమె కూడా మానేస్తుంది. రొమేనియాలోని బుఖారెస్ట్‌లో పరిశోధకులు 2000 సంవత్సరం నుంచి 136 మంది పసిపిల్లల్ని గమనించారు. అనాథ శరణాలయాల నుంచి రెండేళ్ళ లోపే పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో పెనవేసుకోవడంలోనూ బాగా కోలుకున్నారు. ఎప్పుడూ ఉండే ఒక మనిషి పిల్లకి అంత అవసరం. మనం ఆ మనిషిని ఆర్నెల్లకోసారి మారుస్తున్నాం.

ఆయమ్మ జీతానికి చందా అడిగితే "గది అయితే కట్టిస్తాం" అన్న దాతల్ని చూశాను. గది గోడ మీద పాలరాతి పలక పెట్టి పేరు చెక్కించుకోవచ్చు కదా. గదులు చాలు. వచ్చే పుట్టినరోజుకి ఒక అమ్మమ్మ ఖాతాలో నెలనెలా పడేట్టు బ్యాంకులో చెప్పి పెట్టండి, ఆ పిల్ల ఇంటర్ అయ్యేదాకా ఆపకండి. అది కుదరకపోతే ఒక ఆయమ్మ ఏడాది జీతం కట్టండి. ఫొటోగ్రాఫర్‌ని మాత్రం వెంట తీసుకెళ్ళకండి.