తెర మీద పారే జలపాతం



మొన్న ఆదివారం ఆరాధనలో ఒక పిల్లవాడిని నేను గద్దించడం మీలో చాలామంది చూశారు. వాక్యం చెబుతుంటే వాడి కళ్ళు తెర మీద, ఫ్యాన్ల మీద, కిటికీ మీద తిరుగుతున్నాయి. "ఒరేయ్, నిన్నే! దేవుని సన్నిధిలో నిలకడ లేదా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. పక్కన వాళ్ళమ్మ కూడా దించుకుంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

మన మనసు కళ్ళతో చూసినదాన్ని కాసేపు పట్టి ఉంచుకునే చోటు చాలా ఇరుకైనది. 1997లో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రంగు గళ్ళను క్షణంలో పదో వంతు సేపు చూపించి పరీక్షించారు. మూడు నాలుగు గళ్ళ వరకు జనం బాగా గుర్తుపెట్టుకున్నారు. అంతకు మించితే తప్పులు పెరిగాయి.

2005లో వోగెల్ బృందం చేసిన పని నన్ను ఇంకా ఆలోచింపజేసింది. ఎర్ర గీతలు, నీలి గీతలు కలిపి చూపించి, ఎర్రవి మాత్రమే గుర్తుంచుకోమన్నారు. అప్పుడు మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను కొలిచారు. జ్ఞాపకం బాగా ఉన్నవాళ్ళ మెదడు రెండు ఎర్ర గీతలనే మోసింది. తక్కువ ఉన్నవాళ్ళది అక్కరలేని రెండు నీలి గీతలను కూడా మోసింది. అంటే, వాళ్ళు బద్ధకించలేదు. ఇంకా ఎక్కువే మోశారు! తేడా వాకిలి దగ్గర ఉంది, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్నచోట.

ఇప్పుడు మన మందిరం సంగతి. పాటల అక్షరాల వెనుక జలపాతం పారుతుంది, మేఘాలు కదులుతాయి, పావురాలు ఎగురుతాయి. ఆ వీడియోలు ఏరి పెట్టింది నేనే. నీలి గీతలు నేను చల్లి, అవి ఏరుకున్నందుకు పిల్లవాడిని తిట్టాను.

ఆ పరిశోధన మందిరాల గురించి చేసింది కాదు, ఇది నా అభిప్రాయం. "పట్నం సంఘాల్లో అన్నిచోట్లా ఉంది, తీసేస్తే పిల్లలు రారు" అని యవ్వనస్తులు అంటారు. పాట రాగానే కళ్ళు మూసుకుని పాడే మన అవ్వలకు ఏ తెర అవసరమైంది? పరధ్యానం ప్రతిదీ సాతాను ఖాతాలో వేయకండి. రిమోట్ మన చేతిలోనే ఉంది.

లూకా సువార్త పదో అధ్యాయంలోని మార్తను ఎన్నోసార్లు మందలిస్తూ ప్రసంగించాను. అనేక పనులు ఆమెను లాగేశాయి. ప్రభువు ఆమెను ఇంట్లోనుంచి పంపేయలేదు, నలుగురిలో చిన్నబుచ్చలేదు. పేరుపెట్టి, రెండుసార్లు పిలిచాడు. నేనేమో వాడిని పేరుతో కూడా పిలవలేదు.

వచ్చే ఆదివారం నుండి నల్లని తెర మీద తెల్లని అక్షరాలు మాత్రమే ఉంటాయి. వాక్య సమయంలో తెర పూర్తిగా ఆపేస్తాం. ప్రొజెక్టర్ చూసుకునే తమ్ముడితో ఇప్పటికే చెప్పాను, కొంచెం అలిగాడు.

గురువారం కుటుంబ ప్రార్థన ఆ పిల్లవాడి ఇంట్లోనే. కొంచెం ముందుగా వెళ్ళి, మొదట వాడితో, తర్వాత వాళ్ళమ్మతో మాట్లాడాలి.