డీజేను తిట్టుడు గాదు, మన పాటను డీజేకు ఇద్దాం



తీజ్ వచ్చిందంటే మా మల్యాల దిక్కు ఒకటే పంచాయితీ. పెద్దమనుషులేమో డీజే బంద్ పెట్టాలె, సంస్కృతి ఖరాబైతుందంటరు. మనమేమో బాక్సులు తెచ్చి తెల్లారేదాక సినిమా పాటలే కొడతం. తొమ్మిది రోజులు బుట్టల్ల గోధుమ మొలకలు పెంచిన ఆడపిల్లల గోర్‌బోలి పాట ఆ మోతల ఎవలకూ వినబడది. మేమైతే ఇద్దరిదీ తప్పే అంటున్నం.

ఎందుకో వినుండ్రి. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌ల యోల్ంగు ఆదివాసీలు ఉంటరు. వాళ్లు, కొందరు తెల్లోళ్లు కలిసి పెట్టిన రాక్ బ్యాండ్ యోతు యిండి. పాడిన మందవుయ్ యునుపింగు సారు అప్పట్ల సొంతూరి బడికి ప్రిన్సిపాల్‌గ ఉండె. 1991ల వాళ్ల రెండో ఆల్బమ్ 'ట్రైబల్ వాయిస్' వచ్చింది. గిటార్ పక్కనే తాతల నాటి యిదాకి బూర, బిల్మా కర్రలు. అందుల 'ట్రీటీ' అనే పాట ఉంది. ఆదివాసీలతో ఒప్పందం చేసుకుంటమని 1988ల ప్రధాని బాబ్ హాక్ ఇచ్చిన మాట ఏమైందని అడిగిన పాట అది.

మొదట దాన్ని పెద్దగా ఎవలూ పట్టించుకోలే. మెల్‌బోర్న్ డీజేలు రీమిక్స్ చేసినంకనే దేశమంతా ఊగింది. ఆ రీమిక్స్‌ల ఇంగ్లీష్ చరణాలు చాలామట్టుకు తీసేసి, గుమాజ్ భాషను ఉంచిన్రు. అర్థం తెల్వని జనం గూడ ఆ భాషకే ఎగిరిన్రు. మన భాష ఎవలకు అర్థమైతది అనేటోళ్లకు ఇదే జవాబు.

ఇంకో నిజం గూడ ఒప్పుకోవాలె. దేశమంతటికీ ఆ ఒప్పందం ఇప్పటికీ కాలే. పాట హిట్టైతే పట్టా చేతికి రాదు. పోడు పట్టాల కోసం తిరిగిన మనోళ్లకు ఈ సంగతి ఒకలు చెప్పాల్నా? కొట్లాట కొట్లాటే. కానీ అడిగే గొంతే లేకుంటే కొట్లాట యాడికెల్లి మొదలైతది?

మన సకిని రామచంద్రయ్య తాత కోయ డోలు కొట్టుకుంట సమ్మక్క సారలమ్మ కథ పాడిండు. 2022ల పద్మశ్రీ వచ్చింది, 2024ల తాత పోయిండు. ఆయన పాట మనల ఎంతమంది ఫోన్లల్ల ఉంది? శాలువా కప్పుడు సర్కారు పని. పాట నేర్సుకునుడు మన పని.

అందుకే ఈసారి తీజ్‌కు ముందే మన యాడీల పాటలు మూడు రికార్డు చేద్దాం. పాడినామె పేరు, తండా పేరు తప్పకుంట పెడదాం. నగారా దెబ్బకు కీబోర్డు కలిపి డీజేకు ఇద్దాం. మొదటి పాట మనదే మోగాలె.

మీ తండాల, మీ గూడెంల ఎవలు పాడతరో కింద రాయిండ్రి.

జై సేవాలాల్! జై కొమురం భీం!